కాలిబ్రేషన్ పూర్తయిందంటే ఏం పూర్తయినట్టు? ఐ ట్రాకర్ గురిని పరీక్షించే లెక్క

2024లో ఆపిల్ సంస్థ ఐఫోన్లకు, ఐప్యాడ్‌లకు చూపుతోనే స్క్రీన్‌ను నడిపే సదుపాయం తెచ్చాక, ఐ ట్రాకర్ (మనిషి ఎక్కడ చూస్తున్నాడో కనిపెట్టే పరికరం) అనే మాట పరిశోధనశాలలు దాటి మామూలు ఇళ్లలో కూడా వినిపిస్తోంది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లలో దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. మోటార్ న్యూరాన్ జబ్బుతో మాటా చేతులూ పనిచేయని పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు కొందరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వాడే పిల్లలు ఏ లిపిని ఎలా చదువుతున్నారో తెలుసుకోవాలనుకునే టీచర్లు, పరిశోధక విద్యార్థులు ఇంకొందరు.

ఇద్దరి అనుభవమూ ఒకేలా మొదలవుతుంది. స్క్రీన్ మీద చుక్కలు వస్తాయి. వాటిని చూస్తారు. చివర్లో కాలిబ్రేషన్, అంటే యంత్రాన్ని ఆ కళ్లకు సరిచేసుకోవడం, సరిగా జరిగిందని మెసేజ్ వస్తుంది. పరికరం బ్రోషర్‌లో 0.5 డిగ్రీల ఖచ్చితత్వం అని రాసి ఉంటుంది. తీరా వాడబోతే తాతయ్య ‘క’ చూస్తే ‘ఖ’ పడుతుంది. పిల్ల రెండో వరుస చదువుతుంటే మూడో వరుస చదివినట్టు రికార్డవుతుంది. యంత్రం చెడిందా, మనిషి సరిగా చూడలేదా, లేక ఆ 0.5కు మనం అనుకున్న అర్థం లేదా? చాలాసార్లు అసలు చిక్కు మూడోదే అని నేను నమ్ముతున్నాను. ఆ అంకె ఎక్కడ, ఎవరి మీద, ఎప్పుడు కొలిచిందో తెలియకపోతే దాంతో ఏ పనీ జరగదు.

యంత్రం చూసేది చూపును కాదు

ఎక్కువ ఐ ట్రాకర్లు కంటి మీదికి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వేస్తాయి. అది మన కంటికి దాదాపు కనిపించదు, కాబట్టి ఇబ్బంది పెట్టదు. కెమెరా రెండు విషయాలు గమనిస్తుంది. ఒకటి కంటిపాప మధ్యభాగం. రెండోది, కంటి ముందుభాగంలోని పారదర్శక పొర కార్నియా మీద ఆ కాంతి వేసే చిన్న మెరుపు. కన్ను తిరిగినప్పుడు పాపకూ మెరుపుకూ మధ్య దూరం, దిశ మారతాయి. ఆ మార్పును బట్టి మనిషి స్క్రీన్ మీద ఎక్కడ చూస్తున్నాడో యంత్రం అంచనా కడుతుంది.

అంచనా అని ఎందుకు అంటున్నామంటే, కన్ను తిరిగిన దిశా, మనిషి చూసే దిశా ఒకటి కావు. కంటి వెనకభాగపు పొర రెటీనాలో అతి స్పష్టంగా చూసే చోటు ఫోవియా. అది కంటి నడిమి అక్షానికి సరిగ్గా ఎదురుగా ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. ఈ తేడా దాదాపు 5 డిగ్రీల వరకు ఉంటుంది, మనిషి మనిషికీ మారుతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో 5 డిగ్రీలంటే స్క్రీన్ మీద 5 సెంటీమీటర్లకు పైనే. అందుకే ప్రతి మనిషికీ విడిగా కాలిబ్రేషన్ చేయాలి. కొడుకు కళ్లతో చేసిన కాలిబ్రేషన్ మీద తండ్రి చూపును కొలిస్తే, యంత్రం ఎంత ఖరీదైనదైనా గురి తప్పుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి. ఈ పక్కకు ఒరిగే తేడా రెండు కళ్లలో ఎదురెదురు దిశల్లో ఉంటుంది. రెండు కళ్ల లెక్కనూ కలిపి సగటు తీస్తే తప్పులో కొంత తనంతట తానే పోతుంది. అందువల్ల రెండు కళ్ల సగటు చూపించే పరికరం, ఒక్క కన్ను చూపించే దానికన్నా మెరుగ్గా కనిపించవచ్చు. మెల్లకన్ను ఉన్నవారికీ, ఒక రెప్ప వాలిపోయినవారికీ ఇదే లెక్క తిరగబడుతుంది. వాళ్లకు బాగున్న ఒక్క కంటినే తీసుకోవడం మేలు.

కాలిబ్రేషన్ ఒకటి, పరీక్ష ఇంకొకటి

కాలిబ్రేషన్‌లో స్క్రీన్ మీద తెలిసిన చోట్ల చుక్కలు చూపిస్తారు. పరికరాన్ని బట్టి 5, 9, 13 చుక్కలు ఉంటాయి. మనిషి ఒక్కో చుక్కను చూస్తున్నప్పుడు పాప, మెరుపుల స్థానం నమోదు చేసి, ‘కన్ను ఇలా ఉంటే చూపు అక్కడ’ అనే సూత్రాన్ని యంత్రం తయారు చేసుకుంటుంది. కాలిబ్రేషన్ బాగా జరిగిందనే మెసేజ్‌కు చాలాచోట్ల ఇంతే అర్థం: సూత్రం తయారైంది. అది సరైనదో కాదో ఇంకా తేలలేదు.

తేల్చేది వాలిడేషన్. మళ్లీ చుక్కలు చూపిస్తారు. ఈసారి సూత్రాన్ని మార్చరు. అది చెప్పిన చోటుకూ, చుక్క నిజంగా ఉన్న చోటుకూ ఎంత దూరమో కొలుస్తారు. ఈ చుక్కలు కాలిబ్రేషన్‌లో వాడినవే అయితే ఫలితం ఉన్నదానికన్నా మంచిగా కనిపించే ప్రమాదం ఉంది, ఎందుకంటే సూత్రం ఆ చుక్కల కోసమే తయారైంది. అక్కడ సరిపోయి, వాటి నడుమ ఖాళీల్లో తప్పవచ్చు. అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్లు పరీక్ష చుక్కల్లో కొన్నింటినైనా వేరే చోట్ల పెడతారు.

డిగ్రీ అంటే ఎన్ని మిల్లీమీటర్లు

తప్పును సెంటీమీటర్లలో కాక డిగ్రీల్లో చెప్పడం చాలామందిని తికమక పెడుతుంది. కన్ను కదిలేది కోణంలో. స్క్రీన్ మీద ఒకే పొడవు గీత దగ్గరనుంచి చూస్తే పెద్ద కోణం, దూరంనుంచి చూస్తే చిన్న కోణం చేస్తుంది. 60 సెంటీమీటర్ల దూరంలో 1 డిగ్రీ అంటే స్క్రీన్ మీద సుమారు 10.5 మిల్లీమీటర్లు.

ఒక లెక్క చేద్దాం. చుక్క ఒకచోట ఉంది. మనిషి దాన్ని చూస్తున్న అర సెకనులో యంత్రం ఇచ్చిన స్థానాల సగటు చుక్కకు 8 మిల్లీమీటర్లు కుడికి, 6 మిల్లీమీటర్లు కిందికి పడింది. నేరు దూరం 10 మిల్లీమీటర్లు. కళ్లు స్క్రీన్‌కు 600 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే తప్పు సుమారు 0.95 డిగ్రీలు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద అది 36 పిక్సెళ్లు.

ఇప్పుడు ఆ మనిషి ముందుకు వంగి 50 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నాడనుకోండి. అదే 10 మిల్లీమీటర్లు ఇప్పుడు దాదాపు 1.15 డిగ్రీలు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం దూరం 60 అనే ఉంటే అది 0.95 అనే చెబుతుంది. కొన్ని పరికరాలు దూరాన్ని తామే కొలుస్తాయి, కొన్నింటికి మనమే చెప్పాలి. టేపు పెట్టి కొలవడం చిన్న పనిలా అనిపిస్తుంది గానీ, అది లేకపోతే మిగతా దశాంశాలన్నీ ఉత్తవే.

గురి వేరు, నిలకడ వేరు

పైన కొలిచింది గురి. యంత్రం చెప్పిన చోటు అసలు చోటుకు ఎంత దూరం అన్నది. దీనితో పాటు నిలకడ అని ఇంకొకటి ఉంది. కన్ను కదలకుండా ఉన్నప్పుడు యంత్రం వరసగా ఇచ్చే స్థానాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నది. పాసంగం ఉన్న తక్కెడ ప్రతిసారీ అదే 50 గ్రాములు తేడా చూపిస్తుంది; దానికి నిలకడ ఉంది, గురి లేదు. ముల్లు ఊగుతూనే ఉండే తక్కెడలో సగటు సరిగానే ఉండవచ్చు గానీ ఏ ఒక్క తూకాన్నీ నమ్మలేం.

నిలకడను లెక్కించే ఒక పద్ధతి పక్కపక్క నమూనాల (వరసగా నమోదైన స్థానాల) తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం తీయడం. తేడాలు 0.1, 0.2, 0.1, 0.2 డిగ్రీలు అయితే వర్గాల సగటు 0.025, వర్గమూలం సుమారు 0.16 డిగ్రీలు. ఈ అంకె చిన్నగా కనిపించేలా చేయడం తేలిక. సాఫ్ట్‌వేర్ లోపల నమూనాలను నునుపు చేసే ఫిల్టర్ ఉంటే చెదురు తగ్గిపోతుంది. దానికి బదులుగా చూపు కదిలిన సంగతి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. బ్రోషర్‌లోని నిలకడ ఫిల్టర్ ఉంచి కొలిచిందా, తీసేసి కొలిచిందా అని అడగడం న్యాయమైన ప్రశ్న.

యంత్రం సొంత చెదురును విడిగా తెలుసుకోవడానికి కృత్రిమ కన్ను పెట్టి కొలుస్తారు. అది కదలదు కాబట్టి కనిపించే వణుకంతా యంత్రానిదే. కానీ కృత్రిమ కంటికి చూపు లేదు. మనిషి మీద గురి ఎంతో అది చెప్పలేదు.

సగటు 0.5 వెనక ఒక మూల

ఎక్కువమందికి అందని సంగతి ఇక్కడే ఉంది. తొమ్మిది చుక్కల పరీక్షలో ఈ తప్పులు వచ్చాయనుకుందాం. పై వరుసలో 0.3, 0.4, 0.4. నడిమి వరుసలో 0.3, 0.2, 0.4. కింది వరుసలో 0.6, 0.5, 1.4. మొత్తం 4.5. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 0.5. చదువు మీద జరిగే పరిశోధనల్లో సగటు 0.5 డిగ్రీల లోపు ఉండాలనే హద్దు తరచుగా కనిపిస్తుంది. ఈ మనిషి అంచు మీద గట్టెక్కినట్టే. కానీ కింది కుడి మూలలో తప్పు 1.4 డిగ్రీలు, అంటే దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆ మూలలో ఉన్న మాట గురించి ఈ రికార్డుతో ఏమీ చెప్పలేం. అందుకే సగటుతో పాటు అతి పెద్ద తప్పు కూడా చూస్తారు. 1 డిగ్రీ దాటితే మళ్లీ కాలిబ్రేషన్ చేసేవాళ్లు చాలామంది.

సగటు తీయడంలోనే ఇంకో మోసం ఉంది. ఎడమ చుక్కల దగ్గర తప్పు 0.6 కుడికి, కుడి చుక్కల దగ్గర 0.6 ఎడమకు ఉందనుకోండి. దిశతో సహా కూడితే సున్నా వస్తుంది. కాబట్టి ముందు ఒక్కో చుక్క దగ్గర దూరం లెక్కించి, తర్వాతే సగటు తీయాలి. దిశలను మాత్రం పారేయకూడదు. అవి తర్వాతి ప్రశ్నకు జవాబు చెబుతాయి.

తప్పు ఏ ఆకారంలో ఉంది

ప్రతి చుక్కనుంచీ యంత్రం చెప్పిన చోటుకు చిన్న బాణం గీసి చూస్తే, అంకెల్లో దొరకనిది కంటికి దొరుకుతుంది. బాణాలన్నీ ఒకే వైపు, ఒకే పొడవుతో ఉంటే మనిషి తల కదిలింది, లేదా తలకు పెట్టుకునే రకం ట్రాకర్ ముక్కు మీద జారింది. బాణాలన్నీ లోపలికో బయటికో చూస్తుంటే సూత్రమే స్క్రీన్‌ను కుదించింది లేదా సాగదీసింది. కాలిబ్రేషన్ అప్పుడు మనిషి ఒక దూరంలో, పరీక్ష అప్పుడు ఇంకో దూరంలో ఉండి ఉండవచ్చు. ఒక్క చుక్క దగ్గరే పొడవైన బాణం ఉంటే, ఆ క్షణంలో రెప్ప వాల్చారేమో, చుక్క రాకముందే తర్వాతి చోటుకు చూపు పోయిందేమో అనుమానించాలి. కింది చుక్కలన్నీ చెడితే చాలాసార్లు రెప్పే కారణం. కిందికి చూసినప్పుడు పై రెప్ప దిగి పాపలో కొంత భాగాన్ని కప్పుతుంది. యంత్రం కనిపించిన భాగానికే మధ్యబిందువు కడుతుంది. నిలువు లెక్క తప్పుతుంది.

కాటుక, కళ్లద్దాలు, కిటికీ, భాష

గోధుమరంగు కళ్లు మనలో ఎక్కువ. ఇన్‌ఫ్రారెడ్‌లో పాప చుట్టూ ఉండే గోధుమరంగు వలయం (ఐరిస్) తేలికరంగులో, నల్లటి పాప విడిగా కనిపించడం వల్ల ఇది యంత్రానికి అనుకూలమే. కాటుక మాత్రం అనుకూలం కాదు. మసితో చేసిన కాటుక ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా నల్లగానే ఉంటుంది, యంత్రం దాని అంచును పాప అంచు అనుకోగలదు. మస్కారాతోనూ అంతే. పిల్లలకు దిష్టి తగలకుండా బుగ్గన పెట్టే చుక్కతో చిక్కేమీ లేదు. కంటి అంచున దిద్దినదే అడ్డు. దాన్ని తుడవమనేముందు తల్లినో అమ్మమ్మనో అడిగి, ఎందుకో చెప్పడం పరీక్ష చేసేవాళ్ల బాధ్యత.

బైఫోకల్ కళ్లద్దాల్లో పై భాగం, కింది భాగం వంపులు వేరు. స్క్రీన్ పై భాగానికీ కింది భాగానికీ కన్ను వేర్వేరు గాజుల్లోంచి కెమెరాకు కనిపించవచ్చు, ఒకే సూత్రం రెండింటికీ సరిపోకపోవచ్చు. శుక్లాల ఆపరేషన్ అయినవారి కంట్లో పెట్టిన లెన్స్ అదనపు మెరుపు ఇవ్వవచ్చు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలం. కిటికీ తెరిచి ఉన్న మధ్యాహ్నం, కెమెరా వెతికే మెరుపు వెలుగులో కలిసిపోతుంది.

వెలుగు ఇంకో దారిలో కూడా దెబ్బతీస్తుంది. కంటిపాప పెద్దదైనప్పుడు, చిన్నదైనప్పుడు దాని మధ్యబిందువు కొద్దిగా జరుగుతుంది. తెల్లటి స్క్రీన్ మీద కాలిబ్రేషన్ చేసి నల్లటి స్క్రీన్ మీద పరీక్ష పెడితే, కన్ను కదలకపోయినా యంత్రానికి చూపు జరిగినట్టు అనిపిస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ దీపం మీద కొనసాగించిన రికార్డింగ్‌కూ ఈ అనుమానం వర్తిస్తుంది.

సరిహద్దు జిల్లాల్లో వీటికి తోడు భాష. చుక్కలు చూపించే మనిషి ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో చెబుతాడు. గుణుపురం పక్క ఊరినుంచి వచ్చిన మామ్మకు తెలుగే పూర్తిగా అర్థమవుతుంది. ‘స్క్రీన్ చూడండి’ అని మాత్రం విన్నావిడ స్క్రీన్ అంతా చూస్తుంది. ‘మామ్మా, చుక్క ఎక్కడుంటే అక్కడే చూడండి, దాని నడిమిన చూడండి, అది కదిలేదాకా చూపు తీయకండి’ అని చెబితే వచ్చే అంకె వేరు. యంత్రపు తప్పుగా నమోదయ్యే వాటిలో కొంత అసలు మాట అందకపోవడమే.

విడివిడి అభిప్రాయాలు

చుక్కను ఎప్పుడు నమోదు చేయాలి అన్నదాని మీద భిన్నమైన పద్ధతులున్నాయి. యంత్రమే నిర్ణయించవచ్చు, పక్కనున్న ఆపరేటర్ నొక్కవచ్చు, లేదా చూస్తున్న మనిషే ‘ఇప్పుడు సరిగ్గా చూస్తున్నాను’ అని బటన్ నొక్కవచ్చు. 2013లో మార్కస్ నిస్ట్రోమ్, సహచరులు చేసిన పోలికలో చూసేవారే నొక్కిన పద్ధతికి గురి, నిలకడ రెండూ మెరుగ్గా వచ్చాయి. తర్కం సులభం: తాను ఎక్కడ చూస్తున్నదీ మనిషికే బాగా తెలుసు. కానీ చేయి కదలని రోగికీ, మూడేళ్ల పాపకూ ఈ పద్ధతి కుదరదు. వాళ్లకు ఆపరేటరే దిక్కు.

ఇంతకన్నా పెద్ద వాదం, తప్పు ఎక్కువ వచ్చినవారిని ఏం చేయాలి అన్నది. కఠినంగా ఉండేవాళ్లు హద్దు దాటిన రికార్డును తీసేయమంటారు. చెడ్డ కొలతను ఉంచి తీసిన ముగింపు తప్పుదారి పట్టిస్తుంది అన్నది వాళ్ల మాట, అందులో బలం ఉంది. రెండోవైపు వాళ్ల మాటా తేలిగ్గా తీసేసేది కాదు. హద్దు దాటేది ఎవరు? కళ్లద్దాలున్నవాళ్లు, వృద్ధులు, కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలు. వాళ్లందరినీ తీసేశాక మిగిలేది కుదురుగా కూర్చునే, కళ్లజోడు లేని పిల్లలే. గంజాం జిల్లా పిల్లల చదువు గురించి చెప్పబోయి వాళ్లలో ఒక భాగం గురించే చెప్పినట్టవుతుంది. ఇది నాకు మరింత బరువైన వాదనగా అనిపిస్తుంది. అయినా దాని జవాబు చెడ్డ రికార్డును కళ్లు మూసుకుని ఉంచడం కాదు; ఎవరు, ఎందుకు తీసివేతకు గురయ్యారో చెప్పడం, వాళ్ల దగ్గర వచ్చే తప్పును తట్టుకునేలా పెద్ద అక్షరాలతో, దూరదూరంగా ఉన్న వరుసలతో పరీక్ష తయారుచేయడం.

తర్వాత సరిదిద్దడం గురించి కూడా ఇలాగే రెండు వైపులు. వరుసల మధ్య దూరం 12 మిల్లీమీటర్లయితే సగం 6 మిల్లీమీటర్లు, 60 సెంటీమీటర్ల దగ్గర 0.57 డిగ్రీలు. నిలువు తప్పు అంతకు మించితే చూపు పక్క వరుసకు దూకుతుంది. అన్ని చూపులూ ఒకే తీరున కిందికి జారి ఉంటే, వాటిని మొత్తంగా పైకి జరపడం సమంజసం అంటారు కొందరు. మిగతావాళ్ల భయం, మనకు కావలసిన వరుసకు మనమే చూపును తోస్తున్నామేమో అని. తెలుగు, ఒడియా లిపుల్లో ఈ భయానికి అదనపు కారణం ఉంది. వరుసకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ‘స్త్రీ’ లాంటి అక్షరంలో కింద ఉన్న భాగం మీద చూపు కాస్త దిగితే అది పాఠకుడి పనా, యంత్రం జారిందా అన్నది ఆ పాఠం చూసి తేల్చలేం. చుక్కలతో చేసిన పరీక్ష ఉండితీరాలి. అది మొదట్లోనే కాదు, చివర్లో కూడా. ఇరవై నిమిషాల చదువులో తల జరుగుతుంది, కళ్లు అలుస్తాయి. ప్రతి పేజీకి ముందు మధ్యలో ఒక చుక్క చూపించి సరిచూస్తారు గానీ, అది మధ్యలోని సంగతే చెబుతుంది, మూలల సంగతి కాదు.

పనిని బట్టి చాలినంత

తాతయ్య ట్యాబ్లెట్ దగ్గరికి వద్దాం. తెర వెడల్పు 22 సెంటీమీటర్లు, వరుసకు 11 అక్షరాల గడులు. ఒక్కో గడి 2 సెంటీమీటర్లు. 50 సెంటీమీటర్ల దూరంలో నడిమినుంచి అంచుకు 1 సెంటీమీటర్, అంటే 1.15 డిగ్రీలు. మధ్యలో 0.5 డిగ్రీల తప్పు వస్తే చూపు గడిలోనే ఉంటుంది. కుడి మూలలో 1.4 డిగ్రీలు వస్తే పక్క గడిలో పడుతుంది. మన వర్ణమాలలో అక్షరాలు పొరుగువాటితో ఉచ్చారణలో దగ్గర కనుక ‘క’ ‘ఖ’ కావడం, ‘ట’ ‘ఠ’ కావడం కనిపిస్తుంది. వరుసకు 6 గడులే పెడితే ఒక్కోటి 3.7 సెంటీమీటర్లు, అంచుకు 2 డిగ్రీలకు పైన. అదే తప్పు ఇప్పుడు బాధించదు. బదులుగా ఇంగ్లిష్ కన్నా ఎక్కువ అక్షరాలున్న మన లిపికి పేజీలు పెరుగుతాయి, ఒక మాట రాయడానికి సమయం పడుతుంది. ఈ బేరం ఎలా తెగాలో ఆ ఇంటివాళ్లూ, ముఖ్యంగా తాతయ్యా తేల్చుకోవాలి.

ఇన్‌ఫ్రారెడ్ లేకుండా మామూలు కెమెరాతో పనిచేసే రకాల్లో తప్పు సాధారణంగా కొన్ని డిగ్రీలు ఉంటుంది. అక్కడ పెద్ద గడులు తప్ప వేరే దారి లేదు. పరిశోధన వైపు అవి తెర కుడిభాగమా ఎడమభాగమా అనే ప్రశ్నకు పనికొస్తాయి, ఏ అక్షరం అనే ప్రశ్నకు పనికిరావు.

అసలు కన్ను కూడా ఒకచోట నిలబడదు. స్థిరంగా చూస్తున్నానని మనిషి అనుకున్నప్పుడు కూడా సూక్ష్మమైన వణుకు, నెమ్మదైన జారుడు, చిన్న చిన్న ఎగురుళ్లు ఉంటూనే ఉంటాయి. కాబట్టి సున్నా తప్పు అనే గమ్యం ఎవరికీ లేదు.

ఆ పిల్ల రికార్డుకు నమ్మదగిన నివేదిక ఎలా ఉంటుందంటే: 60 సెంటీమీటర్ల దూరం, 9 చుక్కల పరీక్ష, కాలిబ్రేషన్‌కన్నా వేరే చోట్లలో, మొదట్లో సగటు 0.5, అతి పెద్దది 1.4 కింది కుడి మూలలో, చివర్లో సగటు 0.8, కళ్లద్దాలు ఉన్నాయి, సరిదిద్దలేదు. ఇది చదివినవాళ్లు పై పేరాలో ఆమె ఏ మాట దగ్గర ఆగిందో అన్నదాన్ని పరిగణిస్తారు, ఆఖరి వరుస చివరి మాట గురించి ఏ ప్రకటననూ ఒప్పుకోరు.